గాయం మానాక మళ్లీ మారథాన్ సాధన: మనసు విషయంలో ముందు జాగ్రత్తలు

వానలు వెనక్కి తగ్గి, సద్దుల బతుకమ్మ ముగిసే సరికి హనుమకొండలో తెల్లవారుజామున పరుగు తీసేవాళ్లు ఒక్కసారిగా ఎక్కువవుతారు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, భద్రకాళి చెరువు కట్ట, కాకతీయ విశ్వవిద్యాలయం రోడ్లు అన్నీ సందడిగా ఉంటాయి. జనవరిలో ముంబై మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్నవాళ్లకు ఇదే అసలు సాధన కాలం. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం ఎండల్లో, వానల్లో పరుగెత్తి మడమో, మోకాలో, కాలి ముందరి ఎముకో దెబ్బతిని విశ్రాంతి తీసుకున్నవాళ్లు కూడా ఈ రోజుల్లోనే మళ్లీ బూట్లు బయటికి తీస్తారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

కాలికి ఏ వ్యాయామం చేయాలో ఫిజియోథెరపిస్టు చెబుతారు. మనసును ఎలా పట్టుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. నేను గట్టిగా నమ్మేదేమిటంటే, నొప్పి ఉన్న వారాల కంటే నొప్పి పోయిన మొదటి వారాలే ప్రమాదకరమైనవి. నొప్పి ఉన్నన్నాళ్లూ కాలే మనల్ని ఆపుతుంది. అది పోయాక మనల్ని మనమే ఆపుకోవాలి. పరుగు మధ్యలో, ఒళ్లు వేడెక్కి హుషారు వచ్చాక, ఆ పని ఎవరి వల్లా కాదు. అందుకే ఎంత దూరం, ఎక్కడ ఆపాలి, ఏది జరిగితే వెనక్కి రావాలి అన్న నిర్ణయాలు ముందు రోజు సాయంత్రమే ఇంట్లో కూర్చుని చేసుకోవాలి.

దమ్ము ముందు వస్తుంది, ఎముక వెనక వస్తుంది

రెండు మూడు వారాలు పరుగు మానేస్తే దమ్ము తగ్గడం తెలుస్తుంది. మళ్లీ మొదలుపెడితే కొన్ని వారాల్లోనే చాలావరకు తిరిగి వస్తుంది. కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటి టెండన్లకు, ఎముకకు ఆ వేగం లేదు. ఎముకలో సన్నని పగులు వచ్చినప్పుడు శరీరం ముందుగా దెబ్బతిన్న భాగాన్ని తొలిచి తీసేస్తుంది, ఆ తర్వాతే కొత్త ఎముకను నింపుతుంది. ఈ మధ్య కాలంలో ఆ చోటు బలహీనంగా ఉంటుంది, పూర్తిగా గట్టిపడటానికి నెలలు పడుతుంది. పరుగులో పడే ప్రతి అడుగుకూ మన బరువుకు రెండు మూడు రెట్లు కాలి మీద పడుతుంది. అంటే ఊపిరి ‘ఇంకా పోదాం’ అంటున్న రోజున ఎముక ఇంకా సగం పనిలోనే ఉంటుంది. ‘నాకు ఆయాసం రావడం లేదు కదా, ఇంకో రెండు కిలోమీటర్లు పెంచుతాను’ అన్న ఆలోచన పుట్టేది సరిగ్గా ఇక్కడే. ఆ ఆలోచన రావడం సహజం. అది వస్తుందని ముందే తెలిసి ఉంటే దాని మాట వినకుండా ఉండటం తేలికవుతుంది.

తొందర, భయం

గాయపడి తిరిగి వచ్చినవాళ్లలో ఈ రెండూ ఉంటాయి, చాలాసార్లు ఒకే మనిషిలో ఒకే ఉదయం ఉంటాయి. తొందర గురించి అందరూ హెచ్చరిస్తారు. భయం కూడా అంతే నష్టం చేస్తుందని గుర్తించేవాళ్లు తక్కువ. ప్రతి అడుగునూ గమనిస్తూ, దెబ్బతిన్న కాలు మీద బరువు వేయకుండా పరుగెత్తితే నడక తీరే మారిపోతుంది. భారమంతా రెండో కాలి మీదకు పోతుంది. కుడి మడమ నయమైందని సంతోషించే లోపు ఎడమ మోకాలు పట్టేయడం వెనక కారణం చాలాసార్లు ఇదే.

భయాన్ని ధైర్యవచనాలతో పోగొట్టలేం. దానికి రుజువు కావాలి. గాయం నుంచి తిరిగి వచ్చే క్రీడాకారుల మానసిక సిద్ధతను కొలవడానికి 2009లో అమెరికాలో ఆరు ప్రశ్నల పత్రం ఒకటి తయారైంది. మన అవసరానికి దాన్ని ఇలా మార్చుకోవచ్చు: మళ్లీ పోటీలో దిగగలనన్న నమ్మకం, నొప్పి లేకుండా పరుగెత్తగలనన్న నమ్మకం, పూర్తి శక్తి పెట్టగలనన్న నమ్మకం, గాయాన్ని తలచుకోకుండా ఉండగలనన్న నమ్మకం, ఆ భాగం భారాన్ని తట్టుకుంటుందన్న నమ్మకం, నా సామర్థ్యం మీద నమ్మకం. ఒక్కోదానికి సున్నా నుంచి 100 వరకు మార్కు వేసుకుని, మొత్తాన్ని పదితో భాగించాలి. 60కి దగ్గరైతే మనసు సిద్ధంగా ఉన్నట్టు, 40 దగ్గర మధ్యస్థం, 20 దగ్గర బాగా తక్కువ.

మొత్తం ఎంత వచ్చిందన్న దాని కంటే ఏ వరుసలో తక్కువ పడిందో చూడటం నాకు ఎక్కువ ఉపయోగంగా అనిపిస్తుంది. ‘ఆ భాగం తట్టుకుంటుంది’ అన్నచోట 40 వేశారనుకోండి, ఆ వారం కిలోమీటర్లు పెంచకండి. ఫిజియోథెరపిస్టు ఒప్పుకుంటే గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమ పైకెత్తి దించడం చేయండి. బాగున్న కాలితో ఎన్నిసార్లు చేయగలరో, గాయపడిన కాలితో ఎన్నిసార్లు చేయగలరో లెక్క రాసుకోండి. రెండు అంకెలూ వారం వారం దగ్గరపడుతుంటే మనసు తనంతట తనే నమ్ముతుంది.

నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2017లో భుజం గాయమై శస్త్రచికిత్స జరిగింది, దాదాపు ఏడాది రింగుకు దూరమయ్యారు. ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది 2022లో. ఆ పతకం ఫొటో మన అందరి ఫోన్లలోకీ వచ్చింది, నడుమ గడిచిన ఐదేళ్లను మాత్రం లెక్కలోకి తీసుకోం. ఆరు వారాల విరామానికే ‘నా పని అయిపోయింది’ అనుకునేవాళ్లు ఆ ఐదేళ్ల గురించి ఆలోచించాలని నా కోరిక.

కాగితం, దారి, తోడు

రాత్రి పడుకునే ముందు చిన్న కాగితం మీద మూడు సంగతులు రాయండి. రేపటి దూరం, అందులో నడక ఎంత పరుగు ఎంత, ఆపాల్సిన గుర్తు. నొప్పిని సున్నా నుంచి పది వరకు కొలుచుకోండి. టెండన్ గాయమైతే మూడు లోపు ఉండి, మర్నాటి ఉదయానికి తగ్గిపోతే సాధారణంగా కొనసాగించవచ్చు. ఎముక గాయమైతే హద్దు సున్నాయే. బొటనవేలితో ఎముక వెంబడి నొక్కుకుంటూ పొండి. ఒకే చోట, వేలి కొన పట్టేంత జాగాలో చురుక్కుమంటే ఆ రోజు బూట్లు వేసుకోవద్దు, డాక్టరుకు చూపించండి. మర్నాడు మంచం దిగాక వేసే మొదటి నాలుగడుగులు ఎలా ఉన్నాయో కూడా అదే కాగితం మీద రాయండి. వారం చివర చదువుకుంటే మీ కాలు ఏం చెబుతున్నదో తెలుస్తుంది.

దారి ఎంపిక ఈ దశలో చాలా ముఖ్యం. ధర్మసాగర్ వైపు వెళ్లి వచ్చే లాంటి పొడవాటి దారి మొదటి నెలలో వద్దు. అటు చివర కాలు పట్టేస్తే ఇటు రాక తప్పదు, ‘ఎలాగూ వెళ్లాలిగా’ అని పరుగెత్తేస్తారు. స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ మీద ఎక్కడ ఆపినా బండి దగ్గరే ఉంటుంది. రోడ్డు మీదకు వెళ్లే రోజున జేబులో ఆటో డబ్బులు పెట్టుకోండి. ఆ నోటు ఉంటే ఆగడానికి మనసు సంకోచించదు.

అయితే స్టేడియంలో ఇంకో చిక్కు ఉంది. ఒకప్పుడు మీ వెనక వచ్చినవాళ్లు ఇప్పుడు మిమ్మల్ని దాటి పోతారు. రెండు నిమిషాలు నడిచి ఒక నిమిషం పరుగెత్తుతుంటే అందరూ మిమ్మల్నే చూస్తున్నట్టు ఉంటుంది. చాలామంది కార్యక్రమాన్ని పాడుచేసుకునేది ఈ సిగ్గుతోనే. జట్టులో చిన్నవాడు ‘అన్నా, ఇవాళ పదిహేనే, మెల్లగా పోదాం రా’ అని ప్రేమగా పిలుస్తాడు. జవాబు ముందే సిద్ధంగా ఉంచుకోండి: ‘వస్తాను తమ్ముడూ, నాలుగు దగ్గర ఆగిపోతాను, నా కోసం చూడకండి.’ రాత్రే గ్రూపులో ఈ మాట పెట్టేస్తే పొద్దున బతిమాలుకోవడాలు ఉండవు. ఫోనులో పాత టైములు చూపించే యాప్‌ను కొన్ని వారాలు పక్కన పెట్టండి. మొదట్లో వేగం జోలికి పోకండి, తర్వాత కూడా దూరాన్నీ వేగాన్నీ ఒకే వారంలో పెంచకండి.

ఇంట్లోవాళ్లు ‘ఇంత జరిగాక మళ్లీ ఎందుకు’ అంటారు. ఆ మాట వెనక భయం ఉంది, దాంతో వాదించకండి. కాగితం వాళ్ల చేతికివ్వండి. హద్దు దాటితే ఆపే హక్కు మీ భార్యకో, అమ్మకో ఇవ్వండి. ఆ తర్వాత వాళ్లు అడ్డు చెప్పడం తగ్గుతుంది, మీకూ ఒక కాపలా దొరుకుతుంది.

కొన్ని సంగతులు క్లుప్తంగా. పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు. అది హెచ్చరికను దాచేస్తుంది, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకూ చేటు. కార్తీక సోమవారం నాడు ఉపవాసం, పరుగు రెండింటిలో ఒకటే ఎంచుకోండి, ఖాళీ కడుపుతో పొడవాటి పరుగు వద్దు. నెలసరి ఆగిపోయిన మహిళలు ఎముక గాయాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు, ఈ రెండింటికీ సంబంధం ఉంది. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే అది పరుగు సమస్య మాత్రమే అనుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

పోటీకి మూడు వారాల ముందు

దిగాలా వద్దా అన్న నిర్ణయానికి ఒక తేదీ పెట్టుకోండి. పోటీకి మూడు వారాల ముందు ఆదివారం మంచిది. అప్పటికి పొడవాటి పరుగులు నొప్పి లేకుండా పూర్తికాకపోతే 42.195 కిలోమీటర్లకు ఈసారి దిగవద్దు. కట్టిన రుసుము, తీసుకున్న రైలు టికెట్ లెక్కలోకి రాకూడదు.

దిగాలని తేలితే ఆ చివరి వారాల్లో దూరం తగ్గించాలి. అప్పుడు ఇంకో చిత్రం జరుగుతుంది. పని తగ్గేసరికి ధ్యాసంతా ఒంటి మీదకు మళ్లి, మానిన గాయమే మళ్లీ నొప్పెడుతున్నట్టు అనిపిస్తుంది. ఇవాళ మడమలో, రేపు పిక్కలో, ఇలా చోటు మారుతూ, పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకు మాయమైతే అది చాలావరకు ఆందోళన తెచ్చిన నొప్పి. ఒకే చోట నిలిచి, పరుగుతో పెరిగి, రాత్రి పడుకున్నా తెలుస్తుంటే మాత్రం పోటీ తేదీ దాకా ఆగకుండా మర్నాడే డాక్టరు దగ్గరకు వెళ్లండి.