కుక్కతో కొండల్లో క్యాంపింగ్: అది ఆగమని అడగదు, మనమే ఆగాలి

మా వాడు మొదటిసారి కొండెక్కినప్పుడు దారంతా తోక ఊపుకుంటూ నాకన్నా ముందు పరిగెత్తాడు, నేనేమో అబ్బ ఎంత హుషారో అని మురిసిపోతూ వెనకాల నడిచా, తీరా సాయంత్రం టెంట్ వేసేసరికి ముందు కాలు కింద పెట్టట్లేదు, ఎత్తి చూస్తే అరికాలి తోలు లేచిపోయి లోపల ఎర్రగా ఉంది. దారిలో ఒక్కసారి మూలగలేదు, కూర్చోలేదు. కుక్కలతో ఇదే చిక్కు, మనం నడుస్తున్నంతసేపూ అవీ నడుస్తాయి, ఇక నావల్ల కాదని చెప్పవు. కాబట్టి ఎంత దూరం, ఎంత ఎత్తు, ఎప్పుడు ఆగాలి అన్నది దాన్ని చూసి మనమే తేల్చుకోవాలి.

అన్ని కుక్కలకీ ఇది పడదు కూడా. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకి మామూలుగానే ఊపిరి కష్టం, ఎత్తు మీద ఇంకా కష్టం, వాటితో కారు ఆగే చోటనే టెంట్ వేసుకోండి, ఎక్కుడు పెట్టుకోవద్దు. ఏడాది నిండని పిల్లలకి ఎముకలు ఇంకా గట్టిపడవు, పెద్ద జాతులకైతే ఏడాదిన్నర దాకా ఆగడం మంచిది. ముసలి వాటికి కీళ్ళు, గుండె చూపించాకే.

డాక్టర్ దగ్గరికి ముందు రోజు పరిగెడితే లాభం లేదు, నెలన్నర ముందే వెళ్ళండి. ఎందుకంటే లెప్టో టీకా మొదటిసారి వేయించేటప్పుడు రెండు డోసులు ఉంటాయి, మధ్యలో రెండు నుంచి నాలుగు వారాలు గ్యాప్. లెప్టో అంటే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు, అడవి జంతువుల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి వస్తుంది, కొండల్లో కుక్క మూతి పెట్టని నీటి గుంట ఉండదు కదా. రేబిస్ టీకా కాగితాలు ఫోన్‌లో ఒక ఫోటో, బ్యాగులో ఒక జిరాక్స్. ఇంకోటి, వెళ్ళే చోట కుక్కల్ని రానిస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, నేషనల్ పార్కులు, అభయారణ్యాల్లో చాలా వాటిలో రానివ్వరు, గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరగడం కన్నా బాధ ఇంకోటి లేదు.

ఘాట్ రోడ్డు మీద వాంతులు మామూలే. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపేయండి, నీళ్ళు కొద్దికొద్దిగా ఇవ్వండి, రెండు గంటలకోసారి దింపి తిప్పండి. అప్పటికీ పడకపోతే డాక్టర్ మాత్ర రాసిస్తారు. టీ తాగొద్దామని కారులో వదిలేసి మాత్రం పోవద్దు, బయట చల్లగానే ఉందిలే అనిపిస్తుంది గానీ ఎండలో నిలబెట్టిన కారు లోపల పది నిమిషాల్లో పది డిగ్రీల దాకా పెరుగుతుంది.

ఇక కాళ్ళ సంగతి, నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఇంట్లో మెత్తటి గచ్చు మీద పెరిగిన కుక్క అరికాళ్ళు రాళ్ళ దారికి తట్టుకోవు. నెల ముందు నుంచి రోజూ గరుకు నేల మీద నడిపిస్తూ కొంచెం కొంచెం దూరం పెంచండి. బూట్లు కొంటే ఇంట్లోనే అలవాటు చేయండి, మొదటి రోజు గుర్రంలా కాళ్ళెత్తి నడుస్తుంది, నవ్వుకోండి, వారానికి సర్దుకుంటుంది. బండ వేడిగా ఉందా లేదా అంటే మీ చెయ్యి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించి చూడండి, మీరు ఉంచలేకపోతే అదీ నడవలేదు. మంచులో అయితే వేళ్ళ మధ్య మంచు ఉండలు కట్టి కోస్తుంది, అక్కడి వెంట్రుకలు ముందే కత్తిరించాలి. దారిలో గంటకోసారి నాలుగు కాళ్ళూ ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి, అప్పుడు నేను చేయనిది అదే.

ఎత్తు గురించి చాలామంది పట్టించుకోరు. 2500 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే ముప్పావు వంతే, మనకి తలనొప్పి వస్తే చెప్పుకుంటాం, కుక్క ఏం చెబుతుంది? కూర్చుని ఉన్నా రొప్పడం, చొంగ కార్చడం, తిండి ముట్టకపోవడం, వాంతి, తూలడం, ఇవి చూస్తే దిగిపోండి, రేపు చూద్దాం అనుకోవద్దు. ఏ తేడా లేనప్పుడే దాని చిగుళ్ళు ఎలా ఉంటాయో ఒకసారి చూసి పెట్టుకోండి, గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్ళీ రంగు రావాలి. పాలిపోయినా నీలంగా మారినా ప్రమాదమే.

చల్లటి కొండ మీద కూడా వడదెబ్బ తగులుతుంది, నమ్మండి. కుక్కకి చెమట పట్టేది అరికాళ్ళలోనే, మిగతాదంతా రొప్పి చల్లబరుచుకోవాలి. మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, 104 దాటితే వెంటనే నీడలోకి తెచ్చి ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి, చల్లబడుతుండగానే డాక్టర్ దగ్గరికి కిందకి దించండి. తాగే నీళ్ళు మామూలు రోజే కిలో బరువుకి 50, 60 మిల్లీలీటర్లు కావాలి, ఎక్కేటప్పుడు అంతకు చాలా ఎక్కువ, ఆ బరువు మీ బ్యాగులో ఉండాలి. వాగు నీళ్ళు వద్దు. లెప్టో, పేగుల్లో చేరే జియార్డియా అనే సూక్ష్మజీవి సంగతి అటుంచి, నీళ్ళు తాగేటప్పుడు జలగ ముక్కులోకి దూరే అవకాశం ఉంది, ఇంటికొచ్చాక రోజుల తరబడి తుమ్ముతూ ఒక ముక్కులోంచి రక్తం కారుతుంటే అదేనేమో చూపించండి.

మన చిరుతిండి బ్యాగు జిప్పు వేసే ఉండాలి. డ్రైఫ్రూట్స్ ప్యాకెట్‌లో కిస్‌మిస్, చాక్లెట్, రెండూ కుక్కకి విషమే, ఉల్లి వెల్లుల్లి కూడా. నొప్పిగా ఉందేమోనని మన పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వేయకండి, దానికి పనికొచ్చేది డాక్టర్‌తో ముందే రాయించుకుని పెట్టుకోండి.

మెడ పట్టీకి లీష్ కట్టి కొండ అంచున నడిపించొద్దు, జారితే ఉరి పడుతుంది. వీపు మీద పట్టుకోడానికి పిడి ఉన్న హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ, కొనండి, మా వాణ్ణి రెండుసార్లు సామాను సంచిలా దాంతోనే పైకి లాగా. లీష్ విప్పొద్దు, ఎంత మాట వినే కుక్కయినా జింకని చూస్తే చెవులు పనిచేయవు. ఎలుగుబంటి ఉన్న చోటైతే ఇంకా ఘోరం, వీడు వెళ్ళి దాన్ని రెచ్చగొడతాడు, తిరిగి మీ దగ్గరికే పరిగెత్తుకొస్తాడు, వెనకాల అది. ట్యాగ్ మీద రెండు ఫోన్ నంబర్లు రాయండి, ఒకటి ఊళ్ళో సిగ్నల్ ఉండే మనిషిది. ఒకవేళ తప్పిపోతే అందరూ తలో దిక్కూ వెళ్ళకుండా ఒకరు అక్కడే ఉండాలి, మీరు వేసుకుని విప్పిన చొక్కా అక్కడ పడేసి ఉంచండి, వాసన పట్టుకుని వచ్చే అవకాశం ఉంది.

రాత్రి కుక్క టెంట్ లోపలే, దీనికి వేరే మాట లేదు. చిరుతలు తిరిగే కొండల్లో బయట కట్టేయడమంటే ఎర వేసినట్టే. టెంట్ అలవాటు ఇంట్లోనే చేయండి, హాల్లో వేసి రెండు రాత్రులు అందులో పడుకోండి, మా ఇంట్లో అందరూ నాకు పిచ్చి అన్నారు, అననివ్వండి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది, దానికి తోడు నేల ఒంటి వేడిని లాగేస్తుంది, కాబట్టి పైన దుప్పటి కన్నా కింద ఫోమ్ చాప ముఖ్యం. తడిసి ఉంటే పూర్తిగా తుడిచాకే పడుకోబెట్టండి. వణుకుతున్న కుక్క ఒళ్ళు వెచ్చబడకుండానే వణకడం మానేస్తే తగ్గిందని కాదు, ముదిరిందని. అప్పుడు మీ స్లీపింగ్ బ్యాగులోకే లాక్కోండి. లోపల స్టవ్ మాత్రం వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ఇద్దరూ లేవరు.

పిల్లిని తీసుకెళ్తామనే వాళ్ళకి, మా పిల్లి సోఫా దిగదు, అనుభవం లేదు. కానీ ఒకటి ఖాయంగా తెలుసు, పెర్మెత్రిన్ ఉన్న కుక్కల పిడుదుల మందు పిల్లికి పూస్తే చచ్చిపోవచ్చు, పారాసిటమాల్ కూడా అంతే.

పెంట సంచిలో వేసి వెనక్కి తెచ్చుకోవడమే మంచిది, కుదరకపోతే నీటికి 60 మీటర్ల అవతల జానెడు లోతు తవ్వి పూడ్చండి. సంచి కట్టి దారి పక్కన పెట్టి వచ్చేటప్పుడు తీసుకుంటాం అనే వాళ్ళని చూశా, ఆ సంచులూ అక్కడే చూశా.

ఇంటికొచ్చాక పిడుదుల వేట. చెవుల లోపల, వేళ్ళ మధ్య, చంకలు, పట్టీ కింద, తోక కింద వేలితో తడిమి చూడండి. దొరికితే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి, అగ్గిపుల్లతో కాల్చడం, నూనె పోయడం, చేత్తో నలపడం వద్దు. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం వచ్చినా, తిండి మానేసినా, ముక్కులోంచి రక్తం వచ్చినా డాక్టర్ దగ్గర మొదట చెప్పాల్సింది కొండల్లోకి వెళ్ళొచ్చామని, లేకపోతే ఆయన టిక్ ఫీవర్ (పిడుదులు కుట్టి వచ్చే జ్వరం) వైపు ఆలోచించేలోపు నాలుగు రోజులు పోతాయి.