మడత కత్తి మోత వినండి, పివట్ స్క్రూ చూసుకోండి

టైటానియం పిడి ఉన్న మడత కత్తి తెరిస్తే ఖంగుమంటుంది, జీ10, మైకార్టా పిడులు గాజు పోగులో గుడ్డో రెసిన్‌తో కలిపి నొక్కి చేసినవి కాబట్టి మోతను మింగేసి పొడిగా టక్‌మంటాయి. ఏ మోత గొప్పదన్నది వదిలేయండి, రోజూ వినే మోత మారిందా అన్నదే ముఖ్యం. కొత్తగా గలగలమంటే బ్లేడు తెరిచి, పదును లేని వీపు వైపు పట్టుకుని పక్కలకు కదపండి. ఆడితే, సరిగ్గా కూర్చునే టార్క్స్ (ఆరు కోణాల నక్షత్రం ఆకారపు) బిట్‌తో పివట్ స్క్రూను, అంటే బ్లేడు తిరిగే కీలు దగ్గరి స్క్రూను, ఒక చుట్టులో ఎనిమిదో వంతు బిగించి మళ్లీ చూడండి. లోపల స్టీల్ లైనర్లు (బలం కోసం పెట్టే పలుచని రేకులు) లేని నైలాన్ పిడితో మాత్రం జాగ్రత్త, ఎక్కువ బిగిస్తే పిడి లోపలికి వంగి బ్లేడు పట్టేస్తుంది.

మాటిమాటికీ వదులవుతుంటే స్క్రూ తీసి, మరలో నూనె లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) చిన్న చుక్క పెట్టండి, అది వాషర్లకు అంటకూడదు. ఎరుపుది అసలు వద్దు, బాగా వేడి చేస్తే గానీ ఊడదు. 24 గంటలు ఆరనివ్వండి.