ఆరుబయట ఉండే పాత కారుకి తుప్పు పట్టకుండా ఏం చేయాలి

మా నాన్నగారి మారుతి 800 విజయవాడలో ఇంటి పక్క ఖాళీ స్థలంలో, వేపచెట్టు కింద రెండేళ్లు కదలకుండా ఉంది. షెడ్డు లేదు కాబట్టి మందపాటి టార్పాలిన్ పట్టా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ తాళ్లతో బిగించి కట్టాను. తీసి చూస్తే పైన పెయింటు బాగానే ఉంది. డ్రైవర్ సీటు ముందు మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్ పిడితో తడితే మాత్రం ఖంగుమనాల్సిన రేకు అట్టముక్కలా చప్పుడు చేసింది, ఇంకోసారి తట్టేసరికి పొరలు పొరలుగా రాలి కింద నేల కనపడింది. నాన్నగారు ఎంతో ప్రేమగా చూసుకున్న బండి, చాలా బాధేసింది.

తప్పు ఆ పట్టాదే. వాన పడి ఆరిపోతే బండికి పెద్ద నష్టం లేదు, లోపల చేరి బయటికి పోలేని తడితోనే నష్టం. రాత్రి రేకు చల్లబడగానే గాలిలో తేమ, నేలలోంచి లేచే చెమ్మ దానిమీద నీళ్లుగా దిగుతాయి, పట్టా బిగించి ఉంటే పొద్దున ఎండకి కూడా ఆరవు. మన దగ్గర జూన్‌లో మొదలైన వానలు తుఫాన్లతో కలిపి దాదాపు డిసెంబరు దాకా ఉంటాయి, ఆ తర్వాత మంచు. అందుకని గాలి ఆడే గుడ్డ కవరే వేయండి. కుదిరితే నాలుగు గుంజలు పాతి పైన రేకులు వేసి, పక్కలు తెరిచి ఉంచడం అన్నిటికన్నా మంచిది. ఎండ కాసిన రోజు కవరు తీసేసి, డోర్లు, డిక్కీ, బానెట్ అన్నీ రెండు గంటలు తెరిచి పెట్టండి.

మట్టి మీద, గడ్డిలో మాత్రం బండి పెట్టొద్దు. సిమెంటు చప్టా లేకపోతే నేలమీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, పైన కంకర పోసి, టైర్ల కింద నాపరాళ్లు వేసుకుంటే కింది చెమ్మ చాలావరకు ఆగుతుంది.

డోర్ల అడుగు అంచున చిన్న చిన్న కన్నాలుంటాయి, అద్దం పక్కనుంచి దిగిన నీళ్లు పోయే దారి అదే. దుమ్ముతో పూడుకుపోతే డోరు లోపల నీళ్లు నిలిచి, తుప్పు లోపలినుంచి తినుకుంటూ వస్తుంది. నేను చీపురు పుల్ల పెట్టి పొడిస్తే నల్లటి బురదనీళ్లు ధారగా కారాయి, ఎంతకాలంగా ఉన్నాయో! ముందు అద్దం కింద వైపర్ల దగ్గర చేరే వేపాకు కూడా ఎప్పటికప్పుడు తీసేయాలి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు వరదనీళ్లలో మునిగిన బండ్లయితే డోర్ల కింది పెట్టె భాగంలో ఒండ్రు ఉండిపోయి ఉంటుంది, మంచినీళ్లు గట్టిగా కొట్టి కడిగించి పూర్తిగా ఆరబెట్టాలి.

పెయింటు ఎక్కడైనా బొబ్బలా లేస్తే వదిలేయకండి. గీకి, మెరిసే ఇనుము కనపడేదాకా ఎమెరీ పేపరుతో రుద్ది, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, అది ఆరాక పెయింటు వేయండి. ఆటోనగర్‌లో బండి అడుగున నల్లటి కోటింగ్ కొట్టిస్తారు, మంచిదే కానీ దగ్గరుండి పాత తుప్పు, మట్టి పోయాకే కొట్టించండి. తుప్పు మీద కోటింగ్ వేస్తే తడిని లోపల పెట్టి మూతేసినట్టే. వాడిన ఇంజిన్ ఆయిల్ పూయమని చాలామంది చెప్తారు, నేనైతే వద్దంటాను, రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, కారి నేలలోకి ఇంకుతుంది.

హ్యాండ్ బ్రేక్ వేసి నెలల తరబడి ఉంచితే వెనక బ్రేకులు పట్టేస్తాయి, గేరులో పెట్టి టైర్లకి రాళ్లు అడ్డం పెట్టండి. ఇంకో మాట, వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మేలు చేయదు. సైలెన్సర్‌లో నీళ్లు చేరి, ఆవిరయ్యేంత వేడెక్కక అక్కడే ఉండి లోపలినుంచి తినేస్తాయి. నడిపితే సైలెన్సర్ బాగా వేడెక్కేంత దూరం, మా ఊళ్లో అయితే బెంజి సర్కిల్ నుంచి కంకిపాడు దాకా, వెళ్లి రండి, లేకపోతే బ్యాటరీ తీసి పక్కన పెట్టేయండి.

మొదటి పెద్ద వాన పడిన మర్నాడు మాత్రం మ్యాట్లన్నీ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడాలి. తడి తగిలితే ఎవరినైనా టార్చి లైటుతో లోపల కూర్చోబెట్టి, మీరు బయటనుంచి ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ వెంట మగ్గుతో నెమ్మదిగా నీళ్లు పోయండి, చుక్క ఎక్కడ దిగుతుందో అక్కడే బీడింగ్ మార్పించాలి.