పాత లారీ లోడు మీద ఆగి ఆగి నడుస్తోందా? డీజిల్ పంపు దింపే ముందు ఇది చూడండి

ఖాళీగా ఉంటే బాగానే నడుస్తుంది. లోడు వేసుకుని ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాక పికప్ పడిపోతుంది, గేరు మీద గేరు దించినా లాగదు, చివరికి ఆగిపోతుంది. పక్కన పెట్టి పది పదిహేను నిమిషాలు ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అయి వెళ్లిపోతుంది. మెకానికల్ డీజిల్ పంపు ఉన్న పాత లారీల్లో ఇది తరచూ వినే కంప్లయింటే. దానికి జరిగే వైద్యం కూడా ఎప్పుడూ ఒకటే: పంపు దింపి టెస్ట్ బెంచ్‌కు పంపడం, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్చడం. బోలెడు డబ్బు పోసి అంతా బిగించాక అదే లోడుతో, అదే ఎత్తు మీద బండి మళ్లీ ఆగుతుంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ (ట్యాంకు నుంచి డీజిల్ లాగి డీజిల్ పంపుకు అందించే చిన్న పంపు) మధ్య ఉన్న హోస్ పైపును మాత్రం అప్పటికీ ఎవరూ విప్పి చూసి ఉండరు.

ముందు డ్రైవర్‌ను అడగండి

వచ్చి పోయే తేడాతో చిక్కేమిటంటే, బండి షెడ్డులోకి వచ్చేసరికి అది కనిపించదు. న్యూట్రల్‌లో ఎంత రేజ్ చేసినా ఇంజిన్ శుభ్రంగా పలుకుతుంది. అందుకే స్పానరు పట్టుకునే ముందు బండి నడిపిన మనిషితో మాట్లాడండి. ఆగేముందు పొగ ఎలా ఉంది? టక్కున ఆగిందా, నీరసపడి ఆగిందా? అప్పుడు ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది? మళ్లీ స్టార్ట్ చేయడానికి హ్యాండ్ ప్రైమర్ (లైనులోకి చేత్తో డీజిల్ కొట్టే చిన్న పంపు) కొట్టాల్సి వచ్చిందా, ఊరికే కాసేపు ఆగితే చాలిందా? చివరి ప్రశ్న సాధారణంగా ఎవరూ అడగరు. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం, ఎందుకో కింద చెబుతాను.

నల్లటి పొగతో పికప్ పడిపోతే డీజిల్ అందుతోంది, గాలి చాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. ఫిల్టర్ నుంచి టర్బో దాకా వెళ్లే రబ్బరు హోస్ మెత్తబడి లోపలికి నొక్కుకుపోతోందేమో, టర్బో నుంచి మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంచే గొట్టం) దాకా క్లిప్పులు వదులయ్యాయేమో చూడండి. డీజిల్ లైను జోలికి వెళ్లక్కర్లేదు.

తాళం తీసినట్టు టక్కున ఆగి, వెంటనే మళ్లీ స్టార్ట్ అయితే అది కరెంటు సంగతి. కరెంటు అందినంతసేపే డీజిల్ వదిలే స్టాప్ సొలినాయిడ్ ఉన్న బండ్లలో, ఆ వైరు చివర లగ్గు వదులైతే చాలు, గుంతలో పడ్డప్పుడల్లా ఇంజిన్ తడబడుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆ వైరునూ, తాళం స్విచ్ వెనుక వైర్లనూ, ఫ్యూజులనూ చేత్తో కదిపి చూడండి. ఎర్త్ పట్టీని పైనుంచి చూసి బాగుందని వదిలేయవద్దు. విప్పి, రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించండి.

పొగ లేకుండా, నీరసపడి ఆగితే ఇంజిన్‌కు డీజిల్ చాలడం లేదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఎక్కువగా దీని గురించే.

అయిదు నిమిషాల పనులు

మొదటిది ట్యాంకు మూత. డీజిల్ ఖర్చయ్యేకొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. మూతలో అందుకోసం ఉన్న రంధ్రం (వెంటు) దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ పెరుగుతుంది, ఫీడ్ పంపు లాగలేకపోతుంది. బండి ఆగిన వెంటనే మూత తిప్పండి. సుయ్యిమని గాలి లోపలికి పోయిందంటే కారణం దొరికినట్టే. మూత కడిగి చూడండి, లేకపోతే కొత్తది వేయండి. పరీక్ష కోసం కాసేపు మూత వదులుగా పెట్టి నడపవచ్చు గానీ దాన్నే రిపేరు అనుకోవద్దు, వానకు ట్యాంకులో నీళ్లు పడతాయి. లక్షణాలన్నీ సరిగ్గా దీన్నే చూపిస్తున్నా, ఆగినప్పుడు మూత తీసి చూశారా అని అడిగితే లేదనే అంటారు. ఒక్క రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది. దీన్ని వదిలేసి పంపు దింపడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

రెండోది వాటర్ సెపరేటర్. కింది స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టండి, నీళ్లుంటే అడుగున వేరుగా నిలబడతాయి. ఫిల్టర్లు ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తు లేకపోతే ఇంకేమీ ఆలోచించకుండా మార్చేయండి. చాలా ఫీడ్ పంపులకు ఇన్‌లెట్ దగ్గర చిన్న జాలీ ఉంటుంది. ఫిల్టర్లు మార్చినవాళ్లు కూడా దాన్ని మరచిపోతారు. విప్పి కడగండి. ఇంజిన్ ఆపడానికి లాగే స్టాప్ కేబుల్ ఉన్న బండి అయితే పంపు మీది దాని లీవరు పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడండి, సగంలో ఆగిపోతే డీజిల్ కూడా సగమే అందుతుంది.

ఇవన్నీ చేసి లోడుతో ఒక ట్రిప్పు తిప్పండి. అయినా ఆగుతోందంటే హోస్ దగ్గరికి రండి.

లోపలి పొర ఊడిన హోస్

డీజిల్ హోస్ మొత్తం ఒకే మందం రబ్బరు కాదు. లోపల డీజిల్ తగిలే పొర, దాని మీద దారాల అల్లిక, ఆపైన బయటి పొర ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికీ డీజిల్‌కూ నాని లోపలి పొర అల్లిక నుంచి విడిపోతుంది. బయటినుంచి చూస్తే పగులు ఉండదు, చుక్క కారదు. తుడిస్తే కొత్తదానిలా కనిపిస్తుంది. లోపల మాత్రం ఊడిన ముక్క ఒకటి నాలుకలా వేలాడుతూ ఉంటుంది.

స్లో మీద ఉన్నప్పుడు ఇంజిన్ లాగే డీజిల్ తక్కువ, ఆ ముక్క హోస్ గోడను అంటుకునే ఉంటుంది. లోడు పడి ఫీడ్ పంపు గట్టిగా లాగడం మొదలుపెట్టాక, పారే డీజిల్ దాని అంచు కిందికి దూరి, పైకి లేపి, దారికి అడ్డంగా తోసేస్తుంది. ఒకసారి అడ్డం పడ్డాక పంపు ఎంత లాగితే దారి అంత బిగుసుకుపోతుంది. ఫిల్టర్లలో, పంపు గ్యాలరీలో (డీజిల్ పంపు లోపల డీజిల్ నిలిచే గదిలో) మిగిలిన డీజిల్ ఉన్నంతసేపు ఇంజిన్ ఎలాగో నడిచి, తర్వాత నీరసపడి ఆగుతుంది. ఇంజిన్ ఆగితే లాగడమూ ఆగుతుంది. కాసేపట్లో ఆ ముక్క మళ్లీ గోడకు చేరుతుంది. బండి స్టార్ట్ అవుతుంది.

డ్రైవర్‌ను చివరి ప్రశ్న అడగమన్నది ఇందుకే. ఎయిర్ పట్టి, అంటే డీజిల్ లైనులోకి గాలి దూరి, ఆగిన బండి ఊరికే నిలబెడితే బాగుపడదు, ప్రైమర్ కొట్టి ఎయిర్ తీయాలి. ఏమీ చేయకుండా నిలబెడితే బాగుపడింది అంటే ఎక్కడో దారికి ఏదో అడ్డం పడి, దానంతటదే తొలగిందన్నమాట.

మంచి మెకానిక్కులు కూడా ఇక్కడ మోసపోయేది కంప్రెసర్ గాలి వల్ల. ఫీడ్ పంపు దగ్గర హోస్ విప్పి, ట్యాంకు వైపు గాలి కొడతారు. ట్యాంకులో గుడగుడమని చప్పుడు వస్తుంది, లైను క్లియర్ అని తేల్చేస్తారు. గాలి కొడితే హోస్ లోపల ఒత్తిడి పెరిగి ఊడిన పొర గోడకు అణిగిపోతుంది. పంపు చేసే పని లాగడం, అదీ ఎదురు దిక్కులో. లాగినప్పుడే లేచే పొరను గాలి కొట్టి పట్టుకోలేరు.

ఒక లారీ నా దగ్గరికి వచ్చేసరికే పంపు సర్వీసు అయింది, నాజిళ్లు కొత్తవి, ఫీడ్ పంపు కూడా కొత్తదే. హోస్‌కు గాలి కొట్టి చూశామని గట్టిగా చెప్పారు. దాన్ని విప్పి బ్లేడుతో పొడవునా కోసి తెరిచాను. ట్యాంకు వైపు చివర నుంచి జానెడు లోపల, బొటనవేలి గోరంత వెడల్పున పలచని నల్ల పొర ఊడి ఉంది. పంపు వైపు అంచు ఒక్కటే ఇంకా అంటుకుని ఉంది, ట్యాంకు వైపు అంచు లేచి, మెత్తబడి, ముట్టుకుంటే వేలికి మసి అంటింది. ఆ అంచును వేలితో పంపు వైపు నెడితే దారి పూర్తిగా మూసుకుంది. కొత్త హోస్ వేశాక ఆ బండి మళ్లీ ఎత్తు మీద ఆగలేదు. అన్ని సామాన్లు అనవసరంగా మార్చారని ఆ యజమానికి చెప్పాల్సి రావడం నాకు నిజంగా బాధనిపించింది.

కోయకుండా తేల్చుకునే దారి డబ్బా పరీక్ష. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, కొత్త హోస్‌తో నేరుగా ఫీడ్ పంపు ఇన్‌లెట్‌కు కలపండి. డబ్బాను ఛాసిస్‌కు గట్టిగా కట్టండి. క్యాబిన్‌లో పెట్టవద్దు, సైలెన్సరు దరిదాపుల్లో అసలే వద్దు. రిటర్న్ లైను పాత ట్యాంకుకే పోతుంటే డబ్బా అనుకున్నదానికంటే త్వరగా ఖాళీ అవుతుంది, అది చూసుకోండి. అదే లోడుతో అదే ఎత్తు ఎక్కించండి. బండి ఆగకుండా లాగిందంటే తేడా ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యే ఉంది, డీజిల్ పంపు నిర్దోషి. వాక్యూమ్ గేజీ ఉన్నవాళ్లు పాత లైను మీదే, ఇన్‌లెట్ దగ్గర దాన్ని కలిపి లోడు మీద చూడవచ్చు. వాక్యూమ్ అంతకంతకూ పెరుగుతూ ఇంజిన్ నీరసపడితే అడ్డం ఉన్నట్టు. వాక్యూమ్ పెద్దగా లేకుండానే నీరసపడితే గాలి లాగుతోంది, లేదా ఫీడ్ పంపు బలహీనపడింది.

డబ్బాతో బాగుండి, హోస్ కోసి చూస్తే లోపల కూడా బాగుంటే ట్యాంకులో చెత్త ఉంది. దీనికి ఇంకో గుర్తు: ట్యాంకు వైపు గాలి కొడితే కొన్నాళ్లు బాగుండి, మళ్లీ మొదలవుతుంది. చెత్త పక్కకు పోయి, మెల్లగా తిరిగి లాగే పైపు జాలీకి చేరుతుంది. పైపు బయటికి తీసి జాలీ చూడండి, ట్యాంకు దింపి కడిగించండి.

హోస్ మార్చేటప్పుడు

ఊడిన ముక్క ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. ఆ లైనులో ఉన్న రబ్బరంతా ఒకే వయసుది, అంతా మార్చండి. డీజిల్‌కు పనికొచ్చే హోస్ మాత్రమే వేయండి. రేడియేటర్ హోస్, నీళ్ల పైపు డీజిల్‌కు ఉబ్బి కొద్ది కాలంలోనే మెత్తబడతాయి. బయోడీజిల్ కలిసిన ఇంధనం వాడుతుంటే దాన్ని తట్టుకునే రకమేనా అని అడిగి కొనండి, మామూలు రబ్బరును అది త్వరగా తినేస్తుంది. మడత పడేలా, సైలెన్సరుకు ఆనేలా పోనివ్వవద్దు. క్లిప్పును బలంగా ఉంది కదా అని బిగిస్తూ పోతే పట్టీ రబ్బరులోకి దిగి కోస్తుంది. బాంజో బోల్టులకు (డీజిల్ పోయేలా మధ్యలో రంధ్రం ఉండే బోల్టులకు) రాగి వాషర్లు కొత్తవే వేయండి. మరలకు తెల్ల టేపు చుట్టడం చాలాచోట్ల చూస్తున్నాను, దయచేసి చుట్టవద్దు. దాని పీలికలు ఊడి డీజిల్‌తోపాటు లోపలికి పోతాయి.

పొద్దున్నే స్టార్ట్ కాకపోతే

రాత్రి నిలబెట్టిన బండి పొద్దున ప్రైమర్ కొడితే గానీ స్టార్ట్ కాదు, స్లో మీద ఊగుతుంది, ట్యాంకు ఫుల్‌గా ఉంటే సమస్య తగ్గుతుంది, డీజిల్ అడుగుకు చేరితే పెరుగుతుంది. ఇది గాలి లాగే బండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఫీడ్ పంపుకు ముందున్న లైనులో ఒత్తిడి బయటి గాలికంటే తక్కువ. అందుకే కన్నం ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. తడి కోసం వెతికితే దొరకనిది ఇందుకే. బండి నిలబెట్టాక అదే కన్నం గుండా గాలి దూరి, లైనులో ఉన్న డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది.

ఫీడ్ పంపు ఇన్‌లెట్ ముందు జానెడు పారదర్శక హోస్ పెట్టి ఇంజిన్ నడపండి. బిగించేటప్పుడు దూరిన గాలి పోయేదాకా కాసేపు ఆగండి. ఆ తర్వాత కూడా బుడగలు వస్తుంటే గాలి వెనుక నుంచే వస్తోంది. ఆ పారదర్శక ముక్కను ఒక్కో జాయింటు దాటించుకుంటూ ట్యాంకు వైపు జరపండి. బుడగలు ఎక్కడ ఆగిపోతే, ఆ స్థానానికీ అంతకు ముందు పెట్టిన స్థానానికీ మధ్యే కన్నం ఉంది. క్లిప్పు కింద గట్టిపడిన హోస్ చివర, సెపరేటర్ మూత సీలు, ఎక్కువగా ఈ రెండే దొరుకుతాయి. ప్రైమర్ పిడి కింది సీలు అరిగితే అక్కడినుంచీ గాలి పోతుంది, కొట్టాక పిడిని కిందికి నొక్కి మర పూర్తిగా బిగించండి. పారదర్శక హోస్‌ను పరీక్ష అవగానే తీసేయండి, అది అక్కడ శాశ్వతంగా ఉండాల్సిన సామాను కాదు.

వేడి మీద మాత్రమే స్టార్ట్ కాకపోతే

చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫుకే అందుకుని, వేడెక్కిన ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోతే, అదీ రోటరీ పంపు అయితే, అప్పుడు పంపును అనుమానించవచ్చు. వేడికి డీజిల్ పలచబడి, పంపులో అరిగిన హెడ్డుకూ, అందులో తిరిగే రోటరుకూ మధ్య సందుల్లోంచి జారిపోతుంది, సెల్ఫు వేగానికి ఒత్తిడి లేవదు. ఇంజిన్ ఆపి పంపు మీద తడి గుడ్డ కప్పి చల్లారనివ్వండి. చల్లారగానే స్టార్ట్ అయితే అనుమానం బలపడినట్టే. మరిగే పంపు మీద చన్నీళ్లు గుమ్మరించవద్దు, పట్టేస్తుంది.

మిగతావి అరుదు. పంపు మీద, ఎక్కువైన డీజిల్‌ను వెనక్కి వదిలే ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగు నీరసపడితే గ్యాలరీలో ఒత్తిడి నిలవదు, మార్చడం చిన్న పని. ఫీడ్ పంపు వాల్వుల కింద చెత్త ఇరుక్కుంటే కడిగితే చాలు. ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నరులో తేడాలు ఉంటాయి గానీ అవి సాధారణంగా ఒకరోజు వచ్చి ఒకరోజు పోయే రకం కాదు. డబ్బా పరీక్షలో కూడా బండి ఆగి, ఫీడ్ పంపు ఒత్తిడి సరిగ్గా ఉండి, ఓవర్‌ఫ్లో వాల్వు కూడా బాగుంటే అప్పుడు పంపు దింపండి. దింపే ముందు టైమింగ్ గుర్తులు కలిపి మార్కు పెట్టుకోండి, విప్పిన ప్రతి పైపు చివరకూ మూత పెట్టండి.