ఇటలీ రాజ్యాంగ సవరణ వార్తలను సరిగ్గా చదవడం ఎలా?

ఇటలీలో రాజ్యాంగం మార్చేస్తున్నారని వార్త కనబడితే ముందు ఆ బిల్లు ఏ దశలో ఉందో చూడండి. అక్కడి 138వ అధికరణం ప్రకారం దిగువ సభ, సెనేట్ రెండూ ఒకే బిల్లును రెండేసి సార్లు ఆమోదించాలి, ఒక్కో సభలో మొదటి, రెండో ఆమోదాల మధ్య కనీసం మూడు నెలలు గడవాలి, రెండోసారి మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకోవాలి. కాబట్టి 'సెనేట్ ఆమోదం' అన్న హెడ్‌లైన్ చూసి పని అయిపోయిందనుకోకండి. ప్రధానిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్న మెలోనీ ప్రభుత్వ బిల్లు 2024 జూన్‌లో సెనేట్ దాటింది, కానీ అది నాలుగు ఓటింగుల్లో మొదటిది మాత్రమే.

తర్వాత రెండో విడతలో ఎన్ని ఓట్లు పడ్డాయో చూడండి. రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు వస్తే ప్రజల దాకా వెళ్లదు. 2022లో పర్యావరణ రక్షణను రాజ్యాంగంలో చేర్చింది ఇలాగే. అంతకన్నా తక్కువైతే 5 లక్షల మంది ఓటర్లో, ఐదు ప్రాంతీయ మండళ్లో, ఒక సభలో ఐదో వంతు సభ్యులో మూడు నెలల్లోగా రెఫరెండం, అంటే ప్రజల ఓటింగు అడగొచ్చు. ఎవరూ అడగకపోతే రెఫరెండం ఉండదు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: ఇటలీలో రెఫరెండాలు రెండు రకాలు. మామూలు చట్టాన్ని రద్దు చేసే ఓటింగుకి సగానికి పైగా ఓటర్లు రావాలి, అందుకే వ్యతిరేకులు ఇంట్లోనే ఉండమని ప్రచారం చేస్తారు. 2025 జూన్‌లో పౌరసత్వం, కార్మిక చట్టాల మీద పెట్టిన ఓటింగుకి 30 శాతం దాకానే రావడంతో అది చెల్లలేదు. రాజ్యాంగ సవరణ రెఫరెండానికి ఆ షరతు లేదు. ఎంతమంది వచ్చినా ఎక్కువ ఓట్లు వచ్చిన వైపే గెలుస్తుంది, 2001లో 34 శాతం పోలింగ్‌తోనే సవరణ నిలిచింది. పోలింగ్ శాతం చూసి తీర్మానించే ముందు ఏ రకమో తప్పకుండా తెలుసుకోండి.

బిల్లులో ఏముందన్నది, దాన్ని తెచ్చిన నాయకుడి మీద కోపమా ఇష్టమా అన్నది వేరువేరుగా పెట్టుకుని చదవండి. 2016 రెఫరెండంలో ఓడితే రాజీనామా చేస్తానని అప్పటి ప్రధాని మాటియో రెంజీ అనడంతో చర్చంతా ఆయన మీదికి పోయింది, సెనేట్ అధికారాలు తగ్గించాలా వద్దా అన్న అసలు ప్రశ్న పక్కకు జరిగింది, 59 శాతం మంది వద్దన్నారు, ఆయన దిగిపోయారు. నా దృష్టిలో అది ఇటలీ ప్రజలకు నిజంగా నష్టం, ఎందుకంటే ఫలితం ఎటు వచ్చినా ఆ చర్చ జరగాల్సింది. 2020 రెఫరెండంలో దాదాపు 70 శాతం మద్దతుతో పార్లమెంటుకు ఎన్నికయ్యే సభ్యుల సంఖ్య 945 నుంచి 600కి తగ్గింది, నిజమే, కానీ రెండు సభల అధికారాలు ఇప్పటికీ సమానమే, ప్రభుత్వం బతకాలంటే రెండిటి విశ్వాసమూ కావాలి.

ఎన్నికల చట్టం వార్తలు కూడా వదలకండి. అది మామూలు చట్టమే, ఇంత తతంగం లేకుండా మారిపోతుంది, 1993, 2005, 2017లో మారింది కూడా. ఓట్లు సీట్లుగా ఎలా మారతాయో, ఏ కూటమికి మెజారిటీ దక్కుతుందో చాలావరకు తేలేది అందులోనే.