కీబోర్డు సాధన, 4వ పాఠం: మీట ముట్టకుండా వాయించడం

పోయిన పాఠంలో మాయామాళవగౌళ రాగం స్వరాలు మీటల మీద గుర్తుపట్టాం కదా, ఈ వారం వాటిలో మొదటి ఐదే చాలు. కుడిచేతి బొటనవేలు స మీద పెట్టండి, అంటే రెండు నల్ల మీటల జంటకి ఎడమ పక్కనే ఉన్న తెల్ల మీట. దాని పక్క నల్ల మీట మీద చూపుడువేలు, అది రి. మధ్యవేలు గ, ఉంగరపువేలు మ, చిటికెనవేలు ప. ఇక చెయ్యి జరగకూడదు, వేళ్ళే ఆడాలి.

వాయించాల్సింది ఇదే: స రి గ మ ప మ గ రి. ఎనిమిది స్వరాలు, సరిగ్గా ఎనిమిది దెబ్బల ఆది తాళంలో ఒక ఆవర్తనం, అంటే ఒక పూర్తి చుట్టు. చివరి రి నుంచి ఆగకుండా మళ్ళీ స కి రావాలి. ఫోన్‌లో మెట్రోనోమ్ (సమానంగా దెబ్బలు వినిపించే యాప్) నిమిషానికి 60కి పెట్టుకుని, దెబ్బకొక స్వరం.

ఇంత చిన్న పాఠమా అనుకోవద్దు. 1995లో మెదడు శాస్త్రవేత్త ఆల్వారో పాస్కువల్-లియోన్ బృందం దాదాపు ఇదే వరసని (వాళ్ళ రి మాత్రం తెల్ల మీట) పియానో ఎప్పుడూ నేర్చుకోని పెద్దవాళ్ళ చేత రోజుకి 2 గంటల చొప్పున 5 రోజులు వాయింపించింది. వేళ్ళని కదిలించే మెదడు ప్రాంతం ఆ ఐదు రోజుల్లోనే విస్తరించింది. నన్ను కట్టిపడేసింది రెండో జట్టు సంగతి: వాళ్ళు పియానో ముందు కూర్చుని వేలు కదపకుండా మనసులోనే వాయించుకున్నారు, అయినా వాళ్ళ మెదడులోనూ అలాంటి మార్పే వచ్చింది. వాయింపులో మాత్రం ఐదో రోజుకి మొదటి జట్టు మూడో రోజున ఉన్న చోటికే చేరారు, కానీ ఆ తర్వాత 2 గంటలు నిజంగా వాయించగానే వాళ్ళతో సమానమయ్యారు.

చిన్నప్పుడే మొదలుపెట్టడం వేరు, నిజమే. 7 ఏళ్ళలోపు మొదలుపెట్టిన సంగీతకారుల్లో మెదడు రెండు సగాలని కలిపే నరాల కట్ట ముందు భాగం పెద్దదిగా ఉందని గాట్‌ఫ్రీడ్ ష్లాగ్ వాళ్ళు అదే ఏడాది చూపించారు. కానీ నలభైలో మొదలుపెట్టిన నాలాంటివాళ్ళు ధైర్యం తెచ్చుకోవాల్సింది పాస్కువల్-లియోన్ ప్రయోగం నుంచే.

కాబట్టి రోజూ పది నిమిషాలు మీటల మీద, పది నిమిషాలు మనసులో. రెండోది నేను చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారి రాయదుర్గం చేరేలోపు చేస్తాను, చెయ్యి బ్యాగు మీద కదలకుండా పెట్టుకుని. ముందు స్వరం లోపల వినిపించాలి, ఆ వెంటనే ఆ వేలు మీటని నొక్కినట్టు తెలియాలి. వేలు తెలియకుండా ఊరికే స్వరాలు పాడుకుంటూ పోతే అది ఈ సాధన కాదు. కళ్ళ ముందు మీటలు కనిపించకపోయినా టెన్షన్ పడొద్దు, వేలికి తెలిస్తే చాలు.

మొదట్లో నాకు ప నుంచి వెనక్కి మ కి వచ్చేచోట అంతా మసకబారిపోయేది, ఏ వేలో తెలిసేది కాదు. ఇంటికొచ్చి కీబోర్డు ముందు కూర్చుంటే తడబడింది కూడా సరిగ్గా అక్కడే. మీకు మనసులో ఎక్కడ తప్పిపోతుందో రాసి పెట్టుకోండి, సాయంత్రం మీటల మీద ఆ రెండు స్వరాలనే, ప మ, ప మ, ఇరవైసార్లు వాయించి అప్పుడు మొత్తం ఆవర్తనం ఎత్తుకోండి.

మనం చేసేది 2 గంటలు కాదు, ఇరవై నిమిషాలు. అందుకే ఐదు రోజుల్లో ఒక్కటీ మానకండి. ఆరో రోజు మెట్రోనోమ్‌తో పది ఆవర్తనాలు ఫోన్‌లో రికార్డు చేసి దాచండి. వచ్చే పాఠంలో ఇదే వరస రెండో కాలంలో, దెబ్బకి రెండు స్వరాలు.