క్రాబ్ పల్సర్ చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని ఎక్స్-రే ధ్రువణంతో గీయడం

పల్సర్ (వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం) నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల చుట్టూ తిరుగుతూ సింక్రోట్రాన్ కాంతిని చిమ్ముతాయి. ఆ కాంతి ధ్రువణ దిశ, అంటే తరంగం కంపించే దిశ, క్షేత్రానికి అడ్డంగా ఉంటుంది. కోణం కొలిచి 90 డిగ్రీలు తిప్పితే క్షేత్రం దిశ తెలిసిపోతుంది. చిక్కంతా ఆ కోణాన్ని నమ్మకంగా కొలవడంలోనే.

ఎక్స్-రే ధ్రువణాన్ని కొలవడానికి 2021 డిసెంబర్ 9న ప్రయోగించిన ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం డేటా నాసా డేటా భాండాగారం హీసార్క్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి ప్రయత్నానికి బాగా ప్రకాశించే క్రాబ్‌నే ఎంచుకోండి. మూడు డిటెక్టర్ల లెవెల్-2 ఈవెంట్ ఫైళ్లూ దించుకుని, 2–8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్లనే ఉంచండి. ప్రతి ఫోటాన్‌కూ ధ్రువణాన్ని చెప్పే స్టోక్స్ విలువలు క్యూ, యూ ఆ ఫైళ్లలోనే ఉంటాయి.

ముందు బేరీకార్ అనే ప్రోగ్రామ్‌తో ఫోటాన్ల సమయాలను సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి సరిదిద్దండి. క్రాబ్ ఒక చుట్టు తిరగడానికి దాదాపు 33 మిల్లీసెకన్లే పడుతుంది కాబట్టి ఈ మెట్టు వదిలేస్తే స్పందనం చెరిగిపోతుంది. బ్రిటన్‌లోని జోడ్రెల్ బ్యాంక్ అబ్జర్వేటరీ నెలనెలా ఇచ్చే, పల్సర్ భ్రమణ వేళల పట్టిక అయిన ఎఫిమెరిస్‌తో ఫేజ్ (చుట్టులో ఫోటాన్ ఏ దశలో వచ్చిందో) లెక్కించి, ఐఎక్స్‌పీఈ విశ్లేషణ ప్యాకేజీలోని ఎక్స్‌పీసెలెక్ట్‌తో స్పందనం లేని భాగాన్ని విడదీయండి. పల్సర్ చుట్టూ ఉన్న మేఘం, అంటే నెబ్యులా మ్యాపు దానితోనే గీయాలి. పల్సర్ ధ్రువణమే కావాలంటే, నెబ్యులా భాగాన్ని ఫేజ్ వెడల్పుకు తగ్గట్టు హెచ్చించి లేదా తగ్గించి ఐ (మొత్తం కాంతి), క్యూ, యూల నుంచి తీసేయండి. శాతాల్లోంచి శాతాలు తీసేయకూడదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

తర్వాత అదే ప్యాకేజీలోని ఎక్స్‌పీబిన్‌తో బొమ్మను గడులుగా విడగొట్టండి. టెలిస్కోపు స్పష్టత దాదాపు 30 ఆర్క్‌సెకన్లు. గడిని అంతకన్నా చిన్నది చేస్తే పక్కపక్క గడులు ఒకే సమాచారాన్ని మళ్లీ చెబుతాయి.

ప్రతి గడికీ ఒక పరీక్ష పెట్టాలి. 4.29ని, డిటెక్టర్ ధ్రువణాన్ని ఎంత బాగా పసిగడుతుందో చెప్పే మాడ్యులేషన్ ఫ్యాక్టర్‌తోనూ ఫోటాన్ల సంఖ్య వర్గమూలంతోనూ భాగించండి. బ్యాక్‌గ్రౌండ్ లెక్కలోకి రానంత తక్కువైతే 99 శాతం నమ్మకంతో పట్టగల కనిష్ఠ ధ్రువణం అదే. ఫ్యాక్టర్ 0.3, ఫోటాన్లు 10,000 అయితే 14.3 శాతం, లక్ష అయితే సుమారు 4.5 శాతం. కొలత దీనికి తగ్గితే ఆ గడిలో బాణం గీయొద్దు. ధ్రువణ శాతం ఎప్పుడూ ధనాత్మకమే కాబట్టి ఉత్త నాయిస్ కూడా కొంత ధ్రువణంలా కనిపిస్తుంది.

లీకేజీ అనే మాయ ఇంకొకటుంది. డిటెక్టర్ గ్యాసులో ఎలక్ట్రాన్ గీసిన జాడ నుంచి ఫోటాన్ తగిలిన చోటును లెక్కించేటప్పుడు పొరపాటు ఆ జాడ వెంబడే వస్తుంది. దాంతో ప్రకాశమైన బిందువు చుట్టూ, కేంద్రం నుంచి బయటికి చూసే దొంగ ధ్రువణం పుడుతుంది. 90 డిగ్రీలు తిప్పగానే అది వలయాకార క్షేత్రంలా అగుపిస్తుంది. క్రాబ్‌లో నిజమైన వలయం ఉంది కనుక ఈ దొంగది ఇట్టే నమ్మించేస్తుంది. దిద్దుబాటు చేశాకే బొమ్మను నమ్మండి.

నెబ్యులా మొత్తాన్ని కలిపి కొలిస్తే దాదాపు 20 శాతమే వస్తుంది. వలయంలో ఒకదానికొకటి లంబంగా ఉన్న ధ్రువణ దిశలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి మరి. మరో పల్సర్ చుట్టూ ఉన్న వేలా నెబ్యులాలో కొన్నిచోట్ల 60 శాతం దాటింది, అంటే అక్కడ క్షేత్రం చాలా క్రమంగా ఉన్నట్టే. అతి బలమైన అయస్కాంత క్షేత్రమున్న న్యూట్రాన్ నక్షత్రం, మాగ్నెటార్ 4యూ 0142+61కి మాత్రం ఈ 90 డిగ్రీల సూత్రాన్ని వాడకండి: అక్కడ కాంతి ప్రధానంగా వేడి ఉపరితలం నుంచి వస్తుంది, 4–5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కోణమే 90 డిగ్రీలు మారిపోయింది.

2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో ఉపగ్రహం ఎక్స్‌పోశాట్‌లోని పోలిక్స్ పరికరం 8–30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో పనిచేస్తుంది. అది బొమ్మ తీయదు, కాబట్టి దాని డేటాతో మ్యాపు కుదరదు. ఫేజ్ విశ్లేషణ మాత్రమే.